నవారు మీద బ్రిటన్ రెండు వేల ఏళ్లు: బడి వసారాలో కాలరేఖ కట్టే పద్ధతి

మన పిల్లలకు బ్రిటిష్‌వాళ్లంటే ఈస్టిండియా కంపెనీతో మొదలై 1947తో ముగిసే జనం. అంతకు ముందు ఆ దీవిలో ఎవరుండేవారో, ఎవరు ఎవరి మీదికి దండెత్తారో, తెల్లవాళ్లను కూడా ఇంకొకరు ఏలారో లేదో పాఠంలో చోటు దొరకదు. తేదీలు బట్టీ పట్టిస్తే ఇది తలకెక్కదు. పొడవు కళ్లకు కనబడాలి. అందుకే కొలతకు కట్టిన కాలరేఖ. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ ఉన్నత పాఠశాల వసారాలోనైనా దీన్ని రెండు రోజుల్లో నిలబెట్టొచ్చు. ఖర్చు నవారుకీ చార్టులకీ తప్ప పెద్దగా ఉండదు.

కొలత ఒక్కటే గుర్తుంచుకోండి: ఒక మీటరుకు 200 ఏళ్లు. అంటే ఏ సంవత్సరాన్నైనా సగం చేస్తే అదే సెంటీమీటర్ల లెక్క. 1066 కావాలంటే మొదటి గుర్తు నుంచి 533 సెంటీమీటర్లు. 1600 అంటే సరిగ్గా 8 మీటర్లు. ఏడో తరగతి పిల్లలు కూడా సొంతంగా లెక్క కడతారు. టీచరు పక్కన నిలబడి సరిచూస్తే చాలు.

కావలసినవి

మంచాలకు అల్లే నూలు నవారు 12 మీటర్ల చొప్పున మూడు ముక్కలు. నైలాన్ తాడు వద్దు, ఎండకు సాగి మధ్యలో వేలాడుతుంది, వారం తిరిగేసరికి కొలత తప్పుతుంది. నూలు నవారుకు ఉన్న దోషం వేరు: తడిస్తే కుంచించుకుపోతుంది. కొన్నది కొన్నట్టే గుర్తులు పెడితే తేమ తగలగానే అన్నీ జరుగుతాయి. అందుకని ముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టి, మర్నాడు ఎండలో పూర్తిగా ఆరబెట్టి, ఆ తర్వాతే టేపు పట్టండి.

22 అంగుళాలకు 28 అంగుళాల చార్టులు మూడు, మూడు రంగుల్లో. ఒక్కో చార్టుకు 4 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల ఎత్తు కార్డులు 20 వస్తాయి. మూడింటికీ కలిపి 60. ఇంతకు మించి పెట్టకండి, గోడ నిండితే ఎవరూ చదవరు. బట్టలు ఆరేసే ప్లాస్టిక్ క్లిప్పులు కార్డులకూ నవారుకూ కలిపి తొమ్మిది డజన్లు. గుండుసూదులు వాడితే కావలి, చీరాల లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో నెలలోపే తుప్పు పట్టి కాగితం మీద మరక దిగుతుంది. బైండింగ్ వైరు 40 మీటర్లు, శాశ్వత సిరా మార్కర్లు రెండు, తాపీ మేస్త్రీలు వాడే 30 మీటర్ల టేపు ఒకటి, రంగు రిబ్బను పది మీటర్లు.

వేళ కూడా చూసుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన జిల్లాల్లో వానలు, తుపాన్లు; కాగితం మెత్తబడి ముడుచుకుపోతుంది. సంక్రాంతి సెలవులు ముగిశాక కట్టి, మార్చి నెలాఖరులో విప్పేయడం మంచిది.

కట్టడం

కొత్తగా రంగులు వేసిన గోడకు మేకులు కొట్టనివ్వరు. వసారా స్తంభాల మధ్య బైండింగ్ వైరు బిగించి, దానికి నవారును మీటరుకొక క్లిప్పుతో పట్టించండి. క్లిప్పుల దూరం మీటరు దాటితే నవారు కిందికి జారి విల్లులా వంగుతుంది. నేల నుంచి 160, 120, 80 సెంటీమీటర్ల ఎత్తుల్లో మూడు వరసలు. ఎడమ చివర 50 సెంటీమీటర్లు వదిలి అక్కడ ఎర్ర గీత గీయండి. అదే క్రీస్తు శకం మొదటి సంవత్సరం. అక్కడి నుంచి కుడివైపుకు ప్రతి 50 సెంటీమీటర్లకు ఒక నల్ల గీత, అంటే ఒక శతాబ్దం. 2025 వచ్చేసరికి 10 మీటర్ల 12 సెంటీమీటర్లు అవుతుంది.

శూన్య సంవత్సరం లేదన్నది ఇక్కడే చెప్పేయండి. క్రీ.పూ. 1 తర్వాత నేరుగా క్రీ.శ. 1. జూలియస్ సీజర్ మొదటిసారి బ్రిటన్ తీరంలో దిగింది క్రీ.పూ. 55, క్లాడియస్ చక్రవర్తి సైన్యం వచ్చి గెలిచింది క్రీ.శ. 43. రెండింటి మధ్య 98 కాదు, 97 ఏళ్లు. రెండంకెలూ కూడేసి ఊరుకోవడం దాదాపు ప్రతి తరగతిలోనూ కనబడే పొరపాటు.

పై వరస (పసుపు): దీవికి వచ్చిన జనం, దీవి వదిలి వెళ్లిన జనం. మధ్య వరస (నీలం): రాజ్యం, చట్టం. కింది వరస (గులాబీ): అదే కాలంలో మన జిల్లాల్లో ఏం జరిగింది. మొదటి రెండింటినీ కలిపి ఒకే వరసగా కట్టకండి. జనం వేరు, రాజ్యం వేరు. ఈ పని మొత్తానికీ ప్రాణం అదే.

ఇది పిల్లలకు చెప్పడానికి ఒంగోలు చాలు. 1850లో ఒంగోలువాసి నెల్లూరు జిల్లావాడు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడ్డాక గుంటూరువాడు. 1970లో ఒంగోలు జిల్లావాడు, 1972 నుంచి ప్రకాశం జిల్లావాడు. కందుకూరువాళ్లయితే 2022లో మళ్లీ నెల్లూరు జిల్లాలోకి వచ్చారు. ఇల్లు కదలలేదు, పైనున్న పేరు మారింది. ఎడిన్‌బరో మనిషి 1706లో స్కాట్లండ్ రాజ్య ప్రజ. 1707 మే 1 నుంచి గ్రేట్ బ్రిటన్ ప్రజ. అతని భాషా వీధీ మాత్రం పాతవే.

ముందుగా ఐదు నీలం కార్డులు

అరవై కార్డులూ ఒకేసారి తగిలించబోతే గందరగోళమే మిగులుతుంది. మొదట మధ్య వరసలో ఈ ఐదే పెట్టి, పిల్లల చేత వాటి మధ్య దూరాలు కొలిపించండి.

410: రోమ్ పాలన ముగింపు, 205 సెం.మీ.
1066: హేస్టింగ్స్ యుద్ధం, నార్మన్ల (ఫ్రాన్స్ ఉత్తర తీరంవాళ్ల) గెలుపు, 533 సెం.మీ.
1603: ఇంగ్లండ్, స్కాట్లండ్‌లకు ఒకే రాజు, 801.5 సెం.మీ.
1707: రెండు రాజ్యాలూ ఒక్కటై గ్రేట్ బ్రిటన్, 853.5 సెం.మీ.
1801: ఐర్లండ్ కలిసి యునైటెడ్ కింగ్‌డమ్, 900.5 సెం.మీ.

ఇప్పుడు రిబ్బను తీసుకోండి. రోమన్లు బ్రిటన్‌ను ఏలిన 43 నుంచి 410 వరకు ఒక ముక్క కత్తిరించండి: 183.5 సెంటీమీటర్లు. ఈస్టిండియా కంపెనీ పుట్టిన 1600 నుంచి 1947 వరకు ఇంకో ముక్క: 173.5. నెల్లూరు నేరుగా కంపెనీ పాలనలోకి వచ్చిన 1801 నుంచి 1947 వరకు మూడో ముక్క: 73. మూడింటినీ పక్కపక్కన పట్టుకోమనండి. మనల్ని ఏలినవాళ్లు తాము అంతకు రెట్టింపు కాలానికి మించి ఇంకొకరి ఏలుబడిలో ఉన్నారని ఆ రిబ్బను ముక్కలే చెబుతాయి. రోమన్ పాలన ఉత్తరాన స్కాట్లండ్ నిండా నిలవలేదన్న సంగతి మాత్రం కార్డు మీద రాయడం మరవొద్దు. 122లో హేడ్రియన్ చక్రవర్తి మొదలుపెట్టిన 117 కిలోమీటర్ల గోడ రోమ్ హద్దుగా నిలిచింది.

ఆ హేడ్రియన్ మన దగ్గరికీ వచ్చాడు, నాణెం మీద. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలికి ఇటుక కట్టడం తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద కుండలో రోమన్ బంగారు నాణేలు. వాటి మీద చక్రవర్తులు ట్రాజన్, హేడ్రియన్, రాణి ఫాస్టినా బొమ్మలున్నాయి. గోడ కార్డు 61 సెంటీమీటర్ల దగ్గర మధ్య వరసలో, నాణేల కార్డు సరిగ్గా దాని కింద గులాబీ వరసలో పెట్టండి. రాజు ఒక్కడే, అక్కడ సైనికుల్ని పంపాడు, ఇక్కడికి వ్యాపారుల చేతుల మీదుగా బంగారం వచ్చింది. నాణేలు దొరికిన ఏడు 1786, అవి తయారైన కాలం 2వ శతాబ్దం. కార్డు వేలాడాల్సింది రెండోదాని దగ్గర.

పసుపు వరస: ఎవరు, ఎంతమంది, ఏం మారింది

ఎక్కువ సమయం ఇవ్వాల్సింది ఈ వరసకే. ప్రతి కార్డు మీద నాలుగు గీతలుండాలి: ఎక్కడినుంచి, ఎంతమంది, ఏం మారింది, ఎలా తెలుసు. చివరి గీతకు రంగు చుక్క పెట్టండి. రాతప్రతి ఆధారమైతే ఎరుపు, తవ్వకమైతే ఆకుపచ్చ, పాత ఎముకల నుంచి తీసిన డీఎన్ఏ అయితే నీలం. ‘ఎంతమంది’ అన్న గీత ఖాళీగా వదిలేస్తే పిల్లలు ప్రతి రాకనూ ఒకే రకంగా ఊహించుకుంటారు, కొత్తవాళ్లు వచ్చారు, పాతవాళ్లు పోయారు అని. అది నిజం కాదు. ఒక్కో రాక ఒక్కో తీరు.

ఆంగ్లో-శాక్సన్ల సంగతి చూడండి. 5, 6 శతాబ్దాల్లో ఇప్పటి ఉత్తర జర్మనీ, డెన్మార్క్ తీరాల నుంచి వచ్చారు. వాళ్లు గుప్పెడుమంది యోధులే అని ఒకప్పుడు వాదించేవారు. 2022లో వచ్చిన డీఎన్ఏ పరిశోధన ప్రకారం తూర్పు, దక్షిణ ఇంగ్లండ్ పాత శ్మశానాల్లోని వాళ్ల వంశమూలంలో సగటున నాలుగింట మూడొంతులు ఉత్తర సముద్రం అవతలిదే. అంటే కుటుంబాలతో సహా తరలివచ్చారు. అక్కడి పాత బ్రిటన్ల భాష పడమట వేల్స్, కార్న్‌వాల్ వైపు నిలిచింది.

నార్మన్లు దీనికి పూర్తిగా ఎదురు. 1066 అక్టోబరు 14న హేస్టింగ్స్‌లో గెలిచి, ఆ తర్వాత స్థిరపడినవాళ్లు వేలల్లోనే. జనాభా మారలేదు, భూమి యజమానులు మారారు. 1086లో నార్మన్ రాజు విలియం రాయించిన డూమ్స్‌డే భూమి లెక్కల నాటికి పెద్ద భూస్వాముల్లో ఇంగ్లీషువాళ్లు నామమాత్రం. ఫ్రెంచి పెద్దింటి భాష అయింది. పసుపు కార్డు మీద ‘కొద్దిమంది’ అనీ, దాని కింద నీలం కార్డు మీద ‘భూమి అంతా చేతులు మారింది’ అనీ పడితే మన జిల్లాల్లో కంపెనీ పాలనను అర్థం చేసుకోవడానికి కూడా దారి దొరుకుతుంది.

వైకింగుల (డెన్మార్క్, నార్వేల నుంచి ఓడల మీద వచ్చిన దండుల) కార్డులు మూడు చాలు: 793 లిండిస్‌ఫార్న్ మఠం మీద దాడి, 865లో దిగిన పెద్ద సైన్యం, 1016లో ఇంగ్లండ్ రాజైన డెన్మార్క్‌వాడు కన్యూట్. మధ్యలో నీలం వరసలో ఆల్ఫ్రెడ్ (871–899), ఆయన మనుమడు ఏథెల్‌స్టన్ (927లో ఇంగ్లీషువాళ్లందరికీ ఒకే రాజు).

నార్మన్ల తర్వాత రాకలు ఆగిపోయాయనుకుని వరసను ఖాళీగా వదిలేస్తుంటారు. అలా చేయకండి. యూదులను 1290లో వెళ్లగొట్టారు, 1656లో మళ్లీ రానిచ్చారు. 1685 తర్వాత ఫ్రాన్స్ నుంచి పారిపోయిన ప్రొటెస్టెంట్లు, హ్యూగెనాట్లు, సుమారు 50,000 మంది. 1845 నుంచి బంగాళదుంప తెగులు, కరువు తరిమిన ఐరిష్ జనం. 1948 జూన్ 22న విండ్‌రష్ ఓడలో కరీబియన్ నుంచి వచ్చినవాళ్లు. 1972లో ఉగాండా వెళ్లగొట్టిన గుజరాతీ, పంజాబీ కుటుంబాలు, దాదాపు 28,000 మంది. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్ జనం 5 కోట్ల 96 లక్షలు. అందులో తాము ఆసియా మూలాలవాళ్లమని రాసుకున్నవాళ్లు 9.3 శాతం. వరసలో చివరి కార్డు ఇదే.

వెళ్లినవాళ్ల కార్డుల మూలకు బాణం గీయండి: 1607 వర్జీనియాలో జేమ్స్‌టౌన్, 1609 నుంచి ఉత్తర ఐర్లండ్‌లో కాపురాలు, 1788 ఆస్ట్రేలియాకు ఖైదీలు. బానిస వ్యాపారాన్ని దాటవేయకూడదు. బ్రిటిష్ ఓడలు 30 లక్షలకు పైగా ఆఫ్రికన్లను ఎక్కించుకుని అట్లాంటిక్ మీదుగా తరలించాయి. 1807లో ఆ వ్యాపారాన్ని, 1833 చట్టంతో బానిసత్వాన్ని రద్దు చేశారు. 2 కోట్ల పౌండ్ల పరిహారం బానిసలకు కాదు, యజమానులకు అందింది.

గులాబీ వరసకు కొన్ని జోడీలు

ఈ వరస లేకపోతే పిల్లలు పైవాటిని పరాయి కథలా చూస్తారు. బాగా అతికే జోడీలు ఇవి.

1215లో మాగ్నా కార్టా: రాజు చేయి చట్టానికి కట్టుబడాలని సామంతులు రాయించుకున్నది. మోటుపల్లిలో (పాత ప్రకాశం, ఇప్పుడు బాపట్ల జిల్లా) గణపతిదేవుడి అభయ శాసనం శక సంవత్సరం 1166. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును ఇకపై లాక్కోబోమని వర్తకులకు రాజు ఇచ్చిన మాట అది. శక సంవత్సరానికి 78 కలపండి: 1244–45. కూడిక మరిచి 1166 దగ్గరే తగిలిస్తే కార్డు 39 సెంటీమీటర్లు ఎడమకు జరిగిపోతుంది.

తిక్కన నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉన్నది 13వ శతాబ్దం. కచ్చితమైన ఏడు చెప్పలేని చోట కార్డును ఒక బిందువు దగ్గర పెట్టకండి. రిబ్బనును ఆ కాలం పొడవునా పరిచి కార్డు మధ్యలో తగిలించండి. ఎర్రన, అద్దంకి రెడ్డిరాజుల కాలానికీ అంతే. దాని పైన 1348, బ్రిటన్‌లో నల్ల మహమ్మారి. జనంలో మూడో వంతు నుంచి సగం దాకా చచ్చిపోయారు. కూలీలు దొరక్క కూలి పెరిగింది, దాన్ని చట్టంతో అణచాలని చూస్తే 1381లో రైతులు తిరగబడ్డారు.

1509 జోడీని మాత్రం ఎవరూ వదలకండి. లండన్‌లో ఎనిమిదో హెన్రీ, విజయనగరంలో శ్రీకృష్ణదేవరాయలు ఒకే ఏడు గద్దెనెక్కారు. రాయలు ఉదయగిరి కోటను 1514లో పట్టాడు. హెన్రీ 1534లో పోపుతో తెగతెంపులు చేసుకుని ఇంగ్లండ్ చర్చికి తానే పెద్దయ్యాడు. 754.5 సెంటీమీటర్ల దగ్గర రెండు కార్డులనూ ఒకే దారంతో కలపండి.

1626: దుగ్గరాజపట్నంలో, వాళ్ల రాతల్లో ఆర్మగాన్, ఇంగ్లీషు కంపెనీ ఫ్యాక్టరీ. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో దామర్ల నాయకుల నుంచి మద్రాసు చోటు సంపాదించాడు. 1626కీ 1707కీ మధ్య 40.5 సెంటీమీటర్లుంది కదా. కాబట్టి దుగ్గరాజపట్నంలో దిగినవాళ్లను ‘ఇంగ్లీషువాళ్లు’ అనే రాయాలి. బ్రిటన్ అన్న రాజ్యం అప్పటికి పుట్టలేదు. 1707 తర్వాత స్కాట్లండ్‌వాళ్లకు కంపెనీ కొలువులు తెరుచుకున్నాయి. మద్రాసు గవర్నర్ థామస్ మన్రో గ్లాస్గోవాడు. మన ఊళ్ల కైఫీయతులు (ఊరి చరిత్ర రాతలు) సేకరింపజేసిన కోలిన్ మెకంజీ స్కాట్లండ్‌కు వాయవ్యాన లూయిస్ దీవిలో పుట్టాడు.

చెడేది ఎక్కడంటే

ఒంగోలులో బాప్టిస్టు మిషన్ నడిపి, 1876–78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పని ఒప్పుకుని వేలమందికి కూడు పెట్టిన జాన్ క్లౌ దొర కార్డు. అలవాటుగా బ్రిటిష్ వరసలో పడుతుంది. ఆయన అమెరికన్. కాలువకు పేరిచ్చిన బకింగ్‌హామ్ డ్యూకు మాత్రం అప్పటి మద్రాసు గవర్నరే. ఇద్దరినీ వేర్వేరు కార్డుల మీద రాయండి.

క్యాలెండరు ఇంకో ఉచ్చు. 1752 వరకు ఇంగ్లండ్‌లో కొత్త ఏడు మార్చి 25న మొదలయ్యేది. అందుకే ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్ తల తీసిన తేదీ పాత కాగితాల్లో 1648 జనవరి 30, ఇప్పటి లెక్కలో 1649. 1752లో సెప్టెంబరు 2 మర్నాడు 14 అయింది. కాలరేఖ మీద కొత్త లెక్కే వాడండి, పాత ఏడును కార్డు వెనక రాయండి.

1640–1690 మధ్య కార్డులు ఒకదాని మీద ఒకటి పడతాయి. అక్కడ కార్డును నిలువునా సగం కోసి 2 అంగుళాల వెడల్పు చేసి, ఒకటి నవారుకు పైన, ఒకటి కింద తగిలించండి. పైకి నిలబడాల్సిన వాటి వెనక అట్ట అంటించాలి. కార్డు ఎడమ అంచు తేదీ గుర్తుకు ఆనాలి, మధ్యభాగం కాదు. ఒకరు అంచుకు, ఇంకొకరు మధ్యకు పెడితే పదేళ్ల తేడా వచ్చేస్తుంది. 1800 తర్వాత మరీ ఇరుకైతే ఆ భాగానికే వేరే నవారు కట్టండి, మీటరుకు 50 ఏళ్ల చొప్పున నాలుగున్నర మీటర్లు. రెండు కొలతలనూ ఒకే నవారు మీద మాత్రం కలపొద్దు.

ఐర్లండ్ కార్డులకు నీలం అంచు వేసి వేరుగా చూపండి. 1922లో దక్షిణ భాగం విడిపోయింది. అక్కడివాళ్లను బ్రిటిష్ అనడం తప్పు.

సీజర్‌కు ముందు కాలానికి నవారు అక్కర్లేదు, ఆటస్థలం కావాలి. ఎర్ర గీత నుంచి ఎడమకు, అదే కొలతతో, టేపు పట్టి కర్ర గుంజలు పాతించండి. స్టోన్‌హెంజ్ రాతి వలయంలో పెద్ద రాళ్లు నిలిపిన క్రీ.పూ. 2500 ప్రాంతం 12.5 మీటర్లు. సేద్యం తెలిసిన జనం వచ్చిన క్రీ.పూ. 4000 ప్రాంతం 20 మీటర్లు. సముద్రం పొంగి బ్రిటన్ యూరప్ నేల నుంచి తెగి దీవి అయిన క్రీ.పూ. 6000 ప్రాంతం 30 మీటర్లు. ఇంగ్లండ్‌లోని చెడర్ దగ్గర గుహలో అస్థిపంజరం దొరికిన, సుమారు 10,000 ఏళ్ల కిందటి చెడర్ మనిషికి గుంజ 40 మీటర్ల దగ్గర. 2018లో ఆయన డీఎన్ఏ చదివినవాళ్లు ఒంటిచాయ బహుశా నలుపు, కళ్లు లేతరంగు అన్నారు. అక్కడ నిలబెట్టిన పిల్లవాడిని వసారా వైపు చూడమంటే కంపెనీ కార్డు యాభై మీటర్లకు కాస్త తక్కువ దూరంలో ఉంటుంది.

విప్పేటప్పుడు కార్డుల వెనక వరస అక్షరం, సెంటీమీటరు అంకె రాసి (ప–533, గ–813 లాగా) రంగుల వారీగా కట్టలు కట్టండి. నవారును మడవకుండా చుట్ట చుట్టి, ఎండు వేపాకుతో రేకుపెట్టెలో పెట్టండి. మరుసటేడు కట్టే ముందు టేపుతో 533 గుర్తును ఒకసారి సరిచూడండి. అర సెంటీమీటరు దాకా తేడా ఫరవాలేదు, అంతకు మించితే గుర్తులన్నీ మళ్లీ పెట్టుకోవాలి.